ముద్దుపేరుకు హక్కుదారులు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ 'బుజ్జమ్మ' కథ చదివాను. ఫోన్‌లో ఒకసారి, ప్రింటు తీయించుకొని ఇంకోసారి. ముందు బాగున్న సంగతి చెప్తాను. మీ నాయనమ్మ మాట్లాడే తీరు బాగా పట్టుకున్నావు. "ఏందిమే, ఇప్పుడా వొచ్చేది?" అన్న ఒక్క ముక్కతో కందుకూరు పక్క పల్లె కళ్ళ ముందుకొచ్చింది. (కందుకూరు ఏ జిల్లా అని కథలో రాయకపోవడం కూడా మంచిదైంది. 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరుకి మార్చారు. ఆ ఊరి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే.)

ఇబ్బంది ఎక్కడంటే, బుజ్జమ్మ అన్న పేరు ఎంత తియ్యగా ఉంటుందో నువ్వే చెప్పేస్తున్నావు. 'ఆ పిలుపులో అమృతం ఉండేది.' 'ఆ మూడక్షరాల్లోనే నా బాల్యమంతా ఉంది.' 'ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్ళే లేరు.' ఈ మూడు వాక్యాలూ కొట్టెయ్. మన పత్రికల్లో వచ్చే చిన్ననాటి జ్ఞాపకాల్లో సగం వీటి మీదే నడుస్తాయి. నీ పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా అట్టాగే అతుక్కుంటాయి. అట్టా అతుక్కునే వాక్యం నీది కాదు.

ఇంతకీ ముద్దుపేరు అంటే ఏంది? నా లెక్కలో అందులో ముద్దు తక్కువ, హక్కు ఎక్కువ. ఎవరు పిలవచ్చు, ఎవరు పిలవకూడదు, పిలిచినవాళ్ళు ఆ వెంటనే ఏం అడగొచ్చు అనేదాంట్లో దాని బలమంతా ఉంది. మీ నాయనమ్మ "బుజ్జమ్మా" అని పిలిచి ఊరుకునేదా? ఊరుకోదు. వెనకాలే ఒక పని ఉంటుంది. సూదిలో దారం ఎక్కించమనో, పక్కింటికెళ్ళి తోడుకి కాస్త మజ్జిగ తెమ్మనో, కాళ్ళు నొక్కమనో. నీ కథలో ఆమె పిలుస్తుంది, నువ్వు పరిగెత్తుకెళ్తావు, ఆమె తల నిమురుతుంది. ఎన్నిసార్లు నిమురుతుందమ్మా? ఒక్కసారన్నా నీళ్ళ చెంబు తెమ్మని అడగనీ.

ఈ సంగతి నెల్లూరు వాళ్ళకి కొత్తది కాదు. 13వ శతాబ్దంలో ఇక్కడ ఏలిన మనుమసిద్ధి, తన దగ్గర మంత్రిగా ఉన్న తిక్కనను 'మామా' అని పిలిచేవాడు. తిక్కనే నిర్వచనోత్తర రామాయణం మొదట్లో ఆ సంగతి రాసుకున్నాడు. నిన్ను మామా అంటున్నాను కదా, అందుకు తగినట్టు నీ భారతీకన్యకను నాకియ్యి అని రాజు అడిగాడట. కావ్యం అంకితమివ్వమని అడగడం అది. రాజు కాబట్టి ఇయ్యి అని ఆజ్ఞ వేసినా సరిపోయేది. ఆయన వరస కలిపి పిలిచాడు, వరసనిబట్టి పిల్లనడిగాడు. ఆ మాట మనసుకు ప్రియమైందని తిక్కన ఒక ముక్క అని ముందుకెళ్ళిపోయాడు. నీకు కావలసిన పాఠమంతా ఆ పద్యంలో ఉంది, తీసి చదువు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండో పేజీ చివర ఒక వాక్యం రాసి వదిలేశావు: 'నా అసలు పేరు కామాక్షి. మా తాత వాళ్ళమ్మ పేరట.' అంతే. తర్వాత మళ్ళీ వేపచెట్టు, వెన్నెల, మంచం. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నీ కథ అక్కడుంది, నువ్వు దాన్ని దాటుకొని వెళ్ళిపోయావు.

ఆలోచించు. మీ తాత వాళ్ళమ్మ అంటే మీ నాయనమ్మకి ఎవరు? అత్తగారు. ఆ కాలపు కోడలు అత్తగారి పేరు నోటితో పలకదు. మొగుడి పేరూ పలకదు. ఆయన్ని పిలవాలంటే 'ఏమయ్యా', ఆయన గురించి చెప్పాలంటే 'మా పెద్దోడి నాయన'. ఇంటికి పుట్టిన పిల్లకి పెద్దల పేరు పెట్టాలి, అది ఆనవాయితీ. పెట్టిన తర్వాత ఆ పిల్లను పిలిచేదెట్టా? పిలవడం సరే, తిట్టేదెట్టా? అల్లరి చేసిన పిల్లను పట్టుకొని 'ఒసే కామాక్షీ' అని నాలుగు తగిలిస్తే ఆ తిట్టు ఎవరికి తగులుతుంది? అందుకే చాలా ఇళ్ళలో అత్తమామల పేర్లు మోసే పిల్లల్ని 'అమ్మా', 'నాయనా', 'అబ్బయ్యా', 'చిన్నోడా', 'బుజ్జమ్మా' అని పిలుస్తూ వచ్చారు. నీ పేరు అట్టా పుట్టిందని నా అనుమానం. మీ నాయన్ని అడిగి రూఢి చేసుకో. నిజమైతే, నువ్వు అమృతం అనుకున్నది ఒక కోడలు అత్తగారి నుంచి తప్పించుకోవడానికి వేసిన దారి. మురిపెం కూడా ఉండే ఉంటుంది, కాదనను. రెండూ ఒకే మాటలో ఉండటమే కదా కథకి కావలసింది.

అయితే ఇది నేను నీకు చెప్పినట్టు నువ్వు పాఠకులకి చెప్పకు. 'పూర్వకాలంలో కోడళ్ళు అత్తల పేర్లు పలికేవారు కాదు' అని రాశావంటే అది వ్యాసం. ఒక చోటు చూపించు. ఉదాహరణకి నిన్ను బడిలో వేయడానికి మీ నాయనమ్మ తీసుకెళ్ళిందనుకో. పంతులు పేరేందని అడుగుతాడు. "బుజ్జమ్మ" అంటుంది. "అది కాదమ్మా, అసలు పేరు?" మీ నాయనమ్మ పక్కన ఎవరన్నా ఉన్నారేమోనని చూస్తుంది. ఎవరూ ఉండరు. చివరికి "జొన్నవాడ తల్లి పేరు" అంటుంది. పంతులు ఈ పక్కవాడైతే వెంటనే రాసుకుంటాడు. పెన్న ఒడ్డున జొన్నవాడలో ఉండేది కామాక్షితాయి అని తెలియనివాడు ఎవడు? పైనుంచి బదిలీ మీద వచ్చినవాడైతే తెల్లమొహం వేస్తాడు. ఏ పంతుల్ని పెట్టుకుంటావో నీ ఇష్టం. నేనైతే తెలిసినవాణ్ణే పెడతాను, తెలియనివాడితో హాస్యం ఎక్కువైపోతుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. నీ కథలో ఊరి జనం రవి, సురేష్, లత. ఇవి ఏ ఊరికైనా సరిపోతాయి. మన పక్క పల్లెల్లో పేర్లు చూస్తే ఆ ఇల్లు ఎక్కడ మొక్కుకుందో తెలిసిపోతుంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే పెంచలయ్య, పెంచలమ్మ. మాలకొండ అయితే మాలకొండయ్య, మాల్యాద్రి. నర్రవాడ వెంగమాంబ పేరంటాలికి మొక్కుకుంటే వెంగమ్మ, వెంగయ్య. కసుమూరు దర్గాకి మొక్కుకొని పుట్టిన పిల్లలు మస్తానయ్య, మస్తానమ్మ. ఈ మస్తానయ్యల్లో హిందువులు బోలెడుమంది, అది ఇక్కడ ఎవరికీ వింత కాదు. నువ్వు కూడా వింతగా రాయకు. ఒకే ఊళ్ళో ఇంతమంది పెంచలయ్యలుంటే వాళ్ళని విడదీయడానికి ఊరు తన పని తను చేసుకుంటుంది: పొడుగు పెంచలయ్య, రైస్‌మిల్లు పెంచలయ్య, కండక్టర్ పెంచలయ్య. ఇవి ఊరు పెట్టిన పేర్లు. ఇంట్లో పెట్టిన ముద్దుపేర్లతో కలపకు. ఊరు పెట్టిన పేరును ఎదురుగా పిలవరు, లేనప్పుడు వాడతారు. ఇంట్లో పెట్టిన పేరు ఎదురుగా ఉన్నప్పుడే పనికొస్తుంది.

మీ ముత్తాత పేరు పిచ్చయ్య అని రాసి, పక్కనే 'పేరుకు తగ్గట్టే కాస్త తిక్క' అని జోకేశావు. అది తీసెయ్. పిచ్చయ్య, పిచ్చమ్మ అన్నవి పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో పెట్టే పేర్లు. బిచ్చమెత్తి తెచ్చిన బియ్యమో డబ్బులో ముట్టజెప్పి, ఈ బిడ్డ మాది కాదు, బిచ్చంగా దొరికినవాడు అన్నట్టు పెట్టుకున్న పేరు. ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెట్టి తీసుకొస్తే పుల్లయ్య, పెంటకుప్ప మీద పెట్టి తీసుకొస్తే పెంటయ్య. మంచి పేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందని భయం. ఆ పేరు మోసి బతికి బట్టకట్టాడు కాబట్టే నువ్వున్నావు. ఆయన ముందు ఎంతమంది పోయారో మీ ఇంట్లో ఎవరికన్నా గుర్తుంటే కనుక్కో. రాయడానికి కాదు, జోకు వేయకుండా ఉండటానికి.

ఇక నాకు గుచ్చుకున్న చోటు. మీ పొలంలో పనిచేసిన పెద్దాయన్ని ఇంటిల్లిపాదీ 'పెంచలిగా' అని ప్రేమగా పిలిచేవాళ్ళని రాశావు. నీకు ఆరేళ్ళు, ఆయనకి అరవై. నువ్వూ అట్టాగే పిలిచేదానివట, ఆయన నవ్వుతూ పలికేవాడట. అమ్మాయ్, ఇక్కడ కాస్త ఆగు. మీ తమ్ముడు బుజ్జిగాడు. వాడికి పదిహేనేళ్ళు రాగానే "అందరి ముందూ ఏందిమా అది" అని మీ అమ్మ మీద విసుక్కోవచ్చు, మీ అమ్మ నాలిక్కరుచుకోవచ్చు. ఆ పెద్దాయనకి అట్టా విసుక్కునే వీలుందా? కూలి డబ్బులు మీ తాత చేతిలో ఉన్నాయి. ఆయన నవ్వాడు నిజమే. ఇంకేం చేస్తాడు?

అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి, కులం చెప్పే తోక తెంచేసుకొని సుందరయ్య అయ్యాడు. ఆ 'అయ్య' నెల్లూరులో రమణయ్యలకీ, పెంచలయ్యలకీ, వెంకయ్యలకీ, కామందుకీ, కూలికీ అందరికీ ఉంటుంది, కాగితం మీద. నోటి దగ్గరికొచ్చేసరికి కొందరికి అయ్య మిగులుతుంది, కొందరికి గాడు మిగులుతుంది. వాళ్ళ వాడలో ఆ పెద్దాయన పెంచలయ్య మామో, పెద్దనాయనో అయ్యుంటాడు. భార్య ఏమని పిలిచేదో, మనవళ్ళు ఏమని పిలిచేవాళ్ళో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు వాళ్ళింటికి పోలేదు. ఆయన్ని కథలోంచి తీసెయ్యమని అనడం లేదు. పిలుపు అట్టాగే ఉంచు. 'ప్రేమగా' అన్న ఒక్క మాట తీసెయ్. ఆరేళ్ళ పిల్ల అరవయ్యేళ్ళాయన్ని గాడు అంటే, ఆయన చేతిలో పని ఆపి "వస్తుండా తల్లీ" అన్నాడని రాసి ఊరుకో. చదివేవాళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతారు.

ఇంకో ప్రశ్న. నీకు పద్నాలుగు, పదిహేనేళ్ళున్నప్పుడు బుజ్జమ్మ అన్న పేరు ఇష్టమేనా? కందుకూరు బస్టాండులో స్నేహితురాళ్ళ మధ్య నిలబడి ఉంటే, అవతలి నుంచి మీ నాయనమ్మ గొంతెత్తి పిలిస్తే ఎట్టా ఉండేది? ఎంత టెన్షన్ పడి ఉంటావు! వినపడనట్టు మొహం తిప్పుకోలేదా? కథలో ఆ ఏళ్ళే లేవు. ఏడేళ్ళ పిల్ల నుంచి ఒక్క దూకులో బెంగళూరు ఉద్యోగానికి వచ్చేశావు. జ్ఞాపకం చేసే మోసం ఇదే, మనం సిగ్గుపడిన సంవత్సరాల్ని దాచేసి మురిసిపోయిన సంవత్సరాలే చేతికిస్తుంది. ముద్దుపేరు మీద ఇప్పుడు నీకున్న బెంగలో కొంత, అప్పుడు పలకనందుకు కూడా అయ్యుండొచ్చు. ఇది నా ఊహ. కాకపోతే వదిలెయ్.

ముద్దుపేర్లకి వయసు రాదు, అదో తమాషా. మనుమలున్న చంటి, షుగర్ మాత్రలు మింగే బేబి, రిటైరైన చిన్నోడు మన ఇళ్ళన్నిట్లోనూ ఉంటారు. అయితే పేరు తన కాలాన్ని దాచుకోదు. బేబి అని పిలిపించుకునే ఆమెకు ఇవాళ ఎంత వయసుంటుందో చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చింటూ, బంటీ అంటే టీవీ ఇళ్ళలోకి వచ్చిన తర్వాత పుట్టినవాళ్ళు. 'అది ఫలానా సంవత్సరం' అని రాయకుండా కాలం చెప్పడానికి ఇంతకంటే సులువు దారి లేదు, వాడుకో.

నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు వైపు ఎప్పుడన్నా వెళ్తే అక్కడ కట్టిన ఫ్లెక్సీలు చదువు. పుట్టినరోజువీ, శ్రద్ధాంజలివీ. పెద్దక్షరాల్లో నిండు పేరు, దాని పక్కన బ్రాకెట్లో బుజ్జన్న అనో, చిన్నబ్బాయి అనో. బ్రాకెట్లో ఉన్నది లేకపోతే పోయింది ఎవరో వీధికి తెలియదు. పెళ్ళి శుభలేఖల్లోనూ అంతే. కాలేజీ సర్టిఫికెట్లో ఉన్న పేరు బంధువుల్లో సగం మందికి ఆ శుభలేఖ చూశాకే తెలుస్తుంది. ఇంట్లో నాలుగు నోళ్ళ మధ్య ఉండాల్సిన పేరు అట్టా బజార్న కట్టడం నాకు నచ్చదు. పాతకాలపు మనిషిని, నా మాట పట్టించుకోకు. కానీ కథ రాసేవాళ్ళకి ఆ బ్రాకెట్ పనికొస్తుంది. దాన్ని ఎవరు పెట్టించారు, ఎవరు వద్దన్నారు అని ఆలోచిస్తే చాలు.

చివర్లో నువ్వు అడిగిన దానికి జవాబు. 'బుజ్జమ్మ' అనే కలంపేరుతో రాయనా అన్నావు. వద్దు. కలంపేర్లు తప్పని కాదు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన కిళాంబి నరసింహాచార్యులు గోత్రం పేరు తీసుకొని ఆత్రేయ అయ్యాడు. జనం నోటికి అదే నిలిచింది. కానీ గోత్రం పదిమందిదీ. దాన్ని పట్టుకొని ఎవరు పిలిచినా పోయేదేం లేదు. మన బాలసుబ్రహ్మణ్యాన్ని తెలుగువాళ్ళంతా బాలు అన్నారు, అదీ నిజమే. ఆయన ఆ హక్కు అందరికీ ఇచ్చాడు, మోయగలిగాడు. నువ్వు మొదటి కథ రాస్తున్నావు. రేపు ముక్కూమొహం తెలియనివాడు ఒకడు "కథ బాలేదు బుజ్జమ్మా" అని మెసేజ్ పెడతాడు. పలుకుతావా? కామాక్షి అని రాయి. మీ నాయనమ్మ పలకలేకపోయిన పేరు అచ్చులో చూసుకో.

కొత్త ప్రతి రాసేటప్పుడు మొదటి పేజీ మొత్తం వదిలెయ్, రెండో పేజీ చివరి వాక్యంతో మొదలుపెట్టు. వేపచెట్టు ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకో, వెన్నెల మాత్రం వద్దు. నాలుగో పేజీలో మీ మేనత్త పండక్కి వస్తుంది కదా, ఆమె నిన్ను ఏమని పిలుస్తుందో నువ్వు రాయలేదు. ఆమె ఆ కామాక్షమ్మకి మనవరాలు, కోడలు కాదు. పేరు పెట్టి పిలవడానికి ఆమెకి అడ్డం లేదు. ఆమె వాకిట్లోంచే "కామాక్షీ, ఇట్టా రావే" అని కేకేస్తే పొయ్యి దగ్గరున్న మీ నాయనమ్మ ఏం చేస్తుందో ఒక పేరా రాసి పంపు. ఈసారి పీడీఎఫ్ చేసి పంపించు. పోయినసారి వర్డ్ ఫైల్లో వత్తులన్నీ విడిపోయి కామాక్షమ్మ సగం చోట్ల కామాక్షమమ అయింది.

ఉంటాను.